ఇంట్లోనే సినిమాల గ్రంథాలయం

వేటపాలెం అనగానే చాలామందికి జీడిపప్పు గుర్తొస్తుంది. ఆ తర్వాత మగ్గం, చీర. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లకి మాత్రం ముందు గుర్తొచ్చేది సారస్వత నికేతనం. 1918లో మొదలైన ఆ గ్రంథాలయం ఇప్పుడున్న భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఎక్కడా దొరకని పాత తెలుగు పత్రిక కోసం పరిశోధకులు రైలెక్కి ఈ ఊరే వచ్చేవారు. ఇంత చిన్న ఊళ్లో అంత పాత కాగితం ఎలా బతికింది? గొప్ప యంత్రాలతో కాదు. వచ్చినదాన్ని పారెయ్యలేదు, చెమ్మకీ చెదలకీ వదిలెయ్యలేదు, ఏది ఏ బీరువాలో ఉందో రాసుకున్నారు.

ఇప్పుడు మన ఇంటి సంగతి చూద్దాం. అటక మీద అట్టపెట్టెలో వీడియో క్యాసెట్లు. టీవీ కింది అరలో వీసీడీలు, డీవీడీలు. మేజా సొరుగులో ఇప్పుడు పనిచేస్తుందో లేదో తెలియని పెన్‌డ్రైవ్. నలుగురి ఫోన్లలో నాలుగు రకాల వీడియోలు. ఇదంతా ఒకచోట చేర్చి, హాల్లో కూర్చుని రిమోట్ నొక్కితే ఏది కావాలంటే అది వచ్చేలా చేసుకోవాలని చాలామందికి ఉంటుంది. దుకాణానికి వెళ్తే మాత్రం బుర్ర తిరుగుతుంది. హార్డ్‌డిస్క్, ఎస్‌ఎస్‌డీ, నాస్, ఆండ్రాయిడ్ బాక్సు... ఏది కొనాలి? ఎంతది కొనాలి?

'ఓటీటీలో అన్నీ ఉన్నాయిగా, ఈ తంటా ఎందుకు?' అని పిల్లలు అడుగుతారు. కొంతవరకు నిజమే. కానీ ఓటీటీలో సినిమా అద్దె ఇల్లు లాంటిది. ఒప్పందం గడువు తీరితే చెప్పాపెట్టకుండా ఖాళీ చేసేస్తుంది. పైగా మీ అక్క పెళ్లి వీడియో ఏ ఓటీటీలోనూ లేదు. అసలు కథంతా అక్కడే ఉంది.

ముందు ఏది?

సరంజామా కొనేముందు ఓ పని చెయ్యండి. ఉన్నదంతా నేల మీద పరిచి రెండు కుప్పలు పెట్టండి. బయట మళ్లీ దొరికేవి ఒకటి, ఎక్కడా దొరకనివి ఇంకొకటి.

'మాయాబజార్' డీవీడీ గీతలు పడిపోయినా కొంప మునగదు. ఇంకోచోట దొరుకుతుంది. తాతగారి షష్టిపూర్తి క్యాసెట్‌కి ప్రపంచంలో ఇంకో ప్రతి లేదు. అయినా చాలా ఇళ్లలో జరిగేది తలకిందులు. సినిమా డీవీడీలు అద్దాల అరలో, షష్టిపూర్తి క్యాసెట్ అటక మీద!

ఇందులో చాలామందికి తెలియని తిరకాసు ఇంకోటి ఉంది. కంపెనీ నుంచి వచ్చే సినిమా డిస్కు అచ్చు పోసినట్టు తయారవుతుంది. 2007 ప్రాంతంలో మోసర్‌బేర్ వీసీడీ 28 రూపాయలకీ, డీవీడీ 34 రూపాయలకీ అమ్మినప్పుడు ఇంటింటా చేరినవి ఈ రకమే. ఫొటోస్టూడియో వాళ్లు పెళ్లి వీడియో ఎక్కించి ఇచ్చే డిస్కు అలా కాదు. దానిలో రంగు పొర ఒకటి ఉంటుంది. లేజర్ ఆ పొర మీదే మచ్చలు పెట్టి బొమ్మను రాస్తుంది. ఎండ, వేడి, తేమ తగిలితే ఆ రంగు పాడవుతుంది. కాబట్టి రెండూ చూడడానికి ఒకేలా ఉన్నా, స్టూడియో డిస్కుకే ఆయుష్షు తక్కువ. ముందు కాపీ చెయ్యాల్సింది దాన్నే.

క్యాసెట్ల సంగతి

అన్నిటికంటే తొందర పడాల్సింది వీహెచ్‌ఎస్ క్యాసెట్లతో. కారణాలు రెండు. మొదటిది తేమ. గాలి తగిలితే జీడిపప్పు మెత్తబడుతుందని వేటపాలెంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. టేపుదీ అదే కథ. సముద్రపు గాలి వీచే ఊళ్లలో టేపు మీద బూజు పడుతుంది. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లటి మచ్చల్లా కనిపిస్తుంది. అలాంటి క్యాసెట్‌ను తొందరపడి వీసీఆర్‌లో పెట్టకండి. ఆ బూజు హెడ్డుకి అంటుకుని, తర్వాత పెట్టే మంచి క్యాసెట్‌నీ పాడు చేస్తుంది. దాన్ని పక్కన పెట్టి, టేపు శుభ్రం చెయ్యడం తెలిసినవాళ్లకే ఇవ్వాలి.

రెండో కారణం యంత్రం. ప్రపంచంలో చివరిదాకా వీసీఆర్‌లు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆ పని ఆపేసింది. ఇప్పుడు దొరికేవన్నీ పాతవే. రబ్బరు చక్రాలు అరిగి, బెల్టులు సాగి ఉంటాయి. ఏటేటా పనిచేసే వీసీఆర్‌లు తగ్గుతాయే గానీ పెరగవు.

వీసీఆర్ బాగుంటే ఇంట్లోనే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చు. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు ఒకవైపు, యూఎస్‌బీ ఇంకోవైపు ఉండే వీడియో క్యాప్చర్ పరికరం కావాలి. మన దేశంలో వాడేది పాల్ పద్ధతి కాబట్టి 720 చుక్కల అడ్డం, 576 గీతల నిలువు, సెకనుకి 25 బొమ్మలు ఉండేలా పెట్టుకోండి. మొదలుపెట్టేముందు క్యాసెట్ వెనకనున్న చిన్న ప్లాస్టిక్ పలుకు ఉంటే విరిచెయ్యండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాత బొమ్మ చెరిగిపోదు. ఒక్క విషయం. ఈ పనిలో అడ్డదారి లేదు. ఈ-180 క్యాసెట్‌లో మూడు గంటల బొమ్మ ఉంటే, ఎక్కించడానికీ మూడు గంటలే పడుతుంది. పది క్యాసెట్లుంటే ముప్ఫై గంటలు. ఆదివారానికి ఒకటి చొప్పున పెట్టుకుంటే రెండున్నర నెలలు. ఎక్కించాక క్యాసెట్‌ను పారెయ్యకండి. కాపీలో ఎక్కడైనా తేడా వచ్చినా అసలు ప్రతి ఉంటుంది.

ఎంత చోటు కావాలి?

దుకాణదారు చెప్పింది కాకుండా మీ లెక్క మీరే వేసుకోండి. ఓ ఇంట్లో 100 సినిమా డీవీడీలు ఉన్నాయనుకుందాం. ఒక పొర డీవీడీలో 4.7 జీబీ, రెండు పొరల దాంట్లో 8.5 జీబీ పడుతుంది. అన్నీ రెండు పొరలవే అనుకున్నా 850 జీబీ. వీసీడీలో 74 నిమిషాలే పడుతుంది కాబట్టి తెలుగు సినిమాకి రెండు మూడు డిస్కులు. ఒక్కో సినిమాకి 2 జీబీ చొప్పున 50 సినిమాలకి 100 జీబీ. ముప్ఫై గంటల క్యాసెట్లని హెచ్.264 పద్ధతిలో, సెకనుకి 8 మెగాబిట్ల నాణ్యతతో దాస్తే గంటకి 3.6 జీబీ అవుతుంది. అంటే దాదాపు 108 జీబీ. ఫోన్లలోని వీడియోలు 300 జీబీ అనుకోండి. మొత్తం కలిపితే 1,358 జీబీ.

2 టీబీ డిస్కు సరిపోతుందన్నమాట. కానీ కంప్యూటర్‌కి తగిలిస్తే అది 1.81 టీబీ అనే చూపిస్తుంది. దుకాణదారు మోసం చేశాడనుకోకండి. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కపెడితే కంప్యూటర్ 1,024 చొప్పున లెక్కపెడుతుంది. తేడా అదే. ఇక ఫోన్ వీడియోలు ఆగేవి కావు. 4కేలో తీస్తే నిమిషానికి 170 నుంచి 400 ఎంబీ దాకా తింటాయి. అందుకే ఇవాళ్టి అవసరానికి రెండింతలు కొనాలన్నది మంచి సూత్రం. ఈ ఇంటికి 4 టీబీ.

ఒకటి కాదు, మూడు

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. ఎంత ఖరీదు పెట్టి కొన్నా హార్డ్‌డిస్క్ ఓ రోజు ఆగిపోతుంది. లోపల నిమిషానికి 5,400 సార్లో, 7,200 సార్లో తిరిగే పళ్లెం ఉంటుంది. తిరిగేదేదైనా అరుగుతుంది. కాబట్టి 'ఏ కంపెనీది మంచిది?' అన్న ప్రశ్న కంటే 'ఎన్ని కొనాలి?' అన్న ప్రశ్న ముఖ్యం.

దీనికి ప్రపంచమంతా పాటించే లెక్క 3-2-1. మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, వాటిలో ఒకటి వేరే చోట. వేరే చోట ఎందుకో ఈ జిల్లావాళ్లకి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. ఇంట్లోకి నీళ్లొస్తే పక్కపక్కన పెట్టిన రెండు డిస్కులూ కలిసే తడుస్తాయి. సినిమా పరిశ్రమకే ఈ దెబ్బ తగిలింది. 2003 జనవరి 8న పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో నైట్రేట్ ఫిల్ముల నిల్వకు నిప్పంటుకుని ఎన్నో పాత సినిమాలు బూడిదయ్యాయి. భద్రంగా ఒకేచోట పెట్టడమే అక్కడ కొంప ముంచింది.

అలాగని 4 టీబీ డిస్కులు మూడు కొనక్కర్లేదు. ఒకటి ఇంట్లో టీవీ దగ్గర ఉంటుంది. రెండోది అంతా ఎక్కించాక హైదరాబాద్‌లో ఉన్న కూతురింటికో, గుంటూరులో ఉన్న తమ్ముడింటికో వెళ్తుంది. మూడో ప్రతి 'ఎక్కడా దొరకని' కుప్పకి మాత్రమే చాలు. పై లెక్కలో అది దాదాపు 400 జీబీ. దాన్ని ఇంటర్నెట్‌లో అద్దెకిచ్చే క్లౌడ్ చోట్లో పెట్టుకోవచ్చు. అందరూ చూసుకోవచ్చు కూడా.

ఎస్‌ఎస్‌డీ మాటేమిటి? అందులో తిరిగే భాగాలు లేవు, చప్పుడు లేదు, వేగం ఎక్కువ. రోజూ వాడే కంప్యూటర్‌కి అది బంగారం. కానీ జీబీ లెక్కన ఖరీదు ఎక్కువ. పైగా కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడేస్తే అందులో రాసింది చెరిగిపోయే ప్రమాదం ఉంది. దాచిపెట్టడానికి మామూలు హార్డ్‌డిస్కే నయం.

రెండు మూడు డిస్కులు పట్టే నాస్ పెట్టె కొనమని కొందరు సలహా ఇస్తారు. అది ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె. అన్ని గదుల్లోని టీవీలూ, ఫోన్లూ అందులోంచే చూసుకోవచ్చు. రెండు డిస్కుల్లోనూ ఒకేసారి రాసే రెయిడ్ సదుపాయమూ ఉంటుంది. అయితే రెయిడ్‌ను రెండో ప్రతి అనుకోవడం పెద్ద పొరపాటు. చంటివాడు రిమోట్‌తో ఆడుతూ ఏదైనా చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరిగిపోతుంది. ఇంట్లో రెండు మూడు టీవీలు ఉండి, తరచూ సినిమాలు చూసేవాళ్లకి నాస్ ఉపయోగం. ఒకే టీవీ ఉన్న ఇంటికి అనవసర ఖర్చు.

హాల్లో చూసేదెలా?

అతి తేలిక దారి హార్డ్‌డిస్క్‌ను నేరుగా టీవీ యూఎస్‌బీకి తగిలించడం. ముందు దీన్నే ప్రయత్నించండి. మూడు చిక్కులు రావచ్చు. డిస్కు టిక్కుటిక్కుమంటూ మొదలవకపోతే టీవీ ఇచ్చే కరెంటు దానికి చాలడం లేదని అర్థం. విడిగా అడాప్టర్ ఉండే పెద్ద డిస్కు వాడాలి. పెద్ద సినిమా ఫైలు డిస్కులోకి ఎక్కనంటే అది ఫ్యాట్32 పద్ధతిలో ఉందేమో చూడండి. అందులో 4 జీబీ మించిన ఫైలు పట్టదు. డిస్కు ఖాళీగా ఉన్నప్పుడే ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోవాలి. మీ టీవీ ఆ రెంటిలో ఏది చదువుతుందో ముందే కనుక్కోండి. ఇక బొమ్మ వస్తుంది గానీ మాట రావడం లేదా? ఫైల్లో శబ్దం డీటీఎస్ పద్ధతిలో ఉండొచ్చు. చాలా టీవీలు దాన్ని వినిపించవు.

ఈ చిక్కులతో విసిగితే హెచ్‌డీఎంఐకి తగిలించే చిన్న ఆండ్రాయిడ్ టీవీ పెట్టె కొనుక్కోండి. కొనేటప్పుడు యూఎస్‌బీ పోర్టు, వైరు తగిలించే లాన్ పోర్టు ఉన్నాయో లేదో చూడండి. హెచ్.265 వీడియో నడుపుతుందో లేదో అడగండి. అందులో వీఎల్‌సీ గానీ, కోడీ గానీ వేసుకుంటే దాదాపు ఏ ఫైలైనా ఆడుతుంది. రెండూ ఉచితం. కోడీకి మొదట్లో పేరు ఎక్స్‌బీఎంసీ. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ ఆటపెట్టెలో సినిమాలు చూసుకోవడానికి పుట్టింది. 2014లో పేరు మారింది. సినిమాలను పోస్టర్లతో సహా అల్మరాలో పేర్చినట్టు చూపిస్తుంది.

చేత్తో చేసుకోవడం సరదా ఉన్న కుర్రాళ్లు ఇంట్లో ఉంటే ఇంకో దారి ఉంది. 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికొచ్చిన అరచేతి కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై తర్వాతి మోడళ్లలో కోడీ చక్కగా నడుస్తుంది. మూలన పడిన పాత డెస్క్‌టాప్‌లో జెల్లీఫిన్ అనే ఉచిత ప్రోగ్రాం వేస్తే అదే ఇంటి సినిమా సర్వర్. దేనికైనా వీలుంటే వైఫై కంటే లాన్ వైరే మేలు. డీవీడీ బొమ్మకి సెకనుకి 10 మెగాబిట్లు చాలు. బ్లూరేకి 40, 50 కావాలి. రెండు కాంక్రీటు గోడలు దాటాక వైఫై అంత మోయలేక సినిమా ఆగి ఆగి నడుస్తుంది. కరెంటు పోయి వచ్చే ఇళ్లలో చిన్న యూపీఎస్ తప్పనిసరి. రాస్తుండగా కరెంటు పోతే డిస్కులో ఉన్నదీ చెడుతుంది.

ఇరవై చుక్కల్లో ఒక్కటి

'పెద్ద 4కే టీవీ కొంటే పాత సినిమా ఇంకా బాగుంటుందా?' అన్నది అందరికీ వచ్చే సందేహం. చిన్న లెక్క చాలు. 4కే తెర మీద 82,94,400 చుక్కలుంటాయి. డీవీడీ బొమ్మలో ఉండేవి 4,14,720. సరిగ్గా ఇరవయ్యో వంతు. అంటే ప్రతి ఇరవై చుక్కల్లో ఒక్కటే డిస్కులోంచి వచ్చింది. మిగతా పంతొమ్మిదీ టీవీ ఊహించి నింపింది. వీసీడీ అయితే ఎనభై రెండింట్లో ఒక్కటే అసలు చుక్క. ఎంత పెద్ద తెర కొంటే ఊహ అంత బయటపడుతుంది. మీ సంపదంతా క్యాసెట్లూ వీసీడీలే అయితే మహా పెద్ద టీవీకి పెట్టే డబ్బు రెండో హార్డ్‌డిస్క్‌కి పెట్టండి.

ఇంకో చిన్న సంగతి. పాత సినిమాల్లో మనుషులంతా పొట్టిగా, లావుగా కనిపిస్తుంటే తప్పు కెమెరాది కాదు, మీ రిమోట్‌ది. 1957 నాటి 'మాయాబజార్' బొమ్మ దాదాపు చదరం. ఇప్పటి టీవీ వెడల్పు. పాత బొమ్మ టీవీ వెడల్పులో ముప్పావు వంతే ఆక్రమించాలి, పక్కల నల్లగా ఉండాలి. తెలుగులో మొదటి సినిమాస్కోప్, తెనాలి పక్క బుర్రిపాలెంలో పుట్టిన కృష్ణ నటించిన 'అల్లూరి సీతారామరాజు' (1974) దీనికి తలకిందులు. అది టీవీ ఎత్తులో ముప్పావు వంతే ఆక్రమిస్తుంది. నలుపు పైనా కిందా ఉంటుంది. ఆ నలుపు చూసి 'జూమ్' నొక్కామా, పక్కనున్న నటులు తెర బయటికి పోతారు. బొమ్మ కొలత 'ఒరిజినల్'లో పెట్టి వదిలెయ్యండి.

శబ్దానికీ అంతే. పాత సినిమాల్లో శబ్దం ఒకే దారిలో వచ్చే మోనో. దానికి ఆరు స్పీకర్లు పెట్టినా కొత్తగా వినిపించేదేమీ ఉండదు. మాట స్పష్టంగా వినిపించే ఓ మాదిరి సౌండ్‌బార్ చాలు. ఇంట్లో చెవులు మందగించిన పెద్దవాళ్లు ఉంటే టీవీ సైజు కంటే దీని మీదే దృష్టి పెట్టండి.

రిజిస్టరు మరవకండి

ఫైలు పేరు పక్కన సంవత్సరం తప్పకుండా రాయండి. 'దేవదాసు' 1953లో ఉంది, 1974లో ఉంది, 2006లో ఉంది. 'మల్లీశ్వరి' 1951లోనూ, 2004లోనూ వచ్చింది. 'మాయాబజార్'కి 2010లో రంగుల ప్రతి కూడా విడుదలైంది. ఏడాది రాయకపోతే తాతగారు భానుమతి కోసం నొక్కితే వెంకటేశ్ ప్రత్యక్షమవుతాడు. కొన్న డిస్కుని ఇంట్లో చూసుకోవడానికి దాచుకోవడం వేరు, కాపీలు తీసి ఊరంతా పంచడం వేరు. రెండోది పైరసీ, నేరం. చీరాల పక్క కారంచేడులో పుట్టి 1964లో సురేష్ ప్రొడక్షన్స్ పెట్టిన రామానాయుడు లాంటివాళ్లు సినిమాల మీద పెట్టింది సొంత డబ్బే మరి.

దసరాకి మగ్గానికి, బండికి ఆయుధపూజ చేస్తాం కదా. ఆ రోజే హార్డ్‌డిస్కులనూ బయటికి తియ్యండి. కూతురింట్లో ఉన్నదాన్నీ తెప్పించండి. తగిలించి, అక్కడక్కడా నాలుగు వీడియోలు ఆడించి చూడండి. కొత్తగా చేరినవి రెంటిలోనూ ఎక్కించండి. ఐదేళ్లు దాటిన డిస్కుని నమ్మకుండా కొత్తదాంట్లోకి మార్చండి. సిలికా జెల్ పొట్లం వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టి మూత బిగించండి.

ఇక ఆఖరి పని. దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. ఓ నోటు పుస్తకం, కలం చాలు. పాత పెళ్లి వీడియో కాపీ అయ్యాక నాన్నమ్మనో, అమ్మమ్మనో టీవీ ముందు కూర్చోబెట్టండి. పందిట్లో విసనకర్ర పట్టుకున్నావిడ ఎవరు? అక్షింతలు వేసి పక్కకి తప్పుకున్న ఆ పెద్దాయన ఏ ఊరివాడు? ఆవిడ చెబుతుంటే, ఎన్నో నిమిషంలో ఎవరున్నారో మనవడో మనవరాలో రాసుకోవాలి. హార్డ్‌డిస్క్ వచ్చే నెల కొనుక్కోవచ్చు, బజార్లో ఎప్పుడూ దొరుకుతుంది. ఆ ముఖాలకి పేర్లు చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఉన్నప్పుడే ఈ పని పూర్తవ్వాలి. వీలైతే ఈ ఆదివారమే మొదలుపెట్టండి.